గుడ్ మార్నింగ్... మీ ఊరి పేరు ఇక్కడ

నా మొదటి కారు 2009 మోడల్ కరోలా. నాకన్నా ముందు ఇద్దరు తెలుగువాళ్లు వాడారు, వాళ్లకన్నా ముందు ఎవరో చర్చి పాస్టర్ గారిదట. బ్లూటూత్ లేదు. ఆక్స్ పోర్టులో ఎవరిదో ఇయర్‌ఫోన్ పిన్ను విరిగి ఇరుక్కుపోయింది. సీడీ ప్లేయర్ ఉంది గానీ ఈ రోజుల్లో సీడీలు ఎవరి దగ్గరున్నాయి? ఫోన్ స్పీకర్లో పాటలు పెడితే హైవే మీద టైర్ల మోతకి ఏమీ వినపడదు. అలా 2021లో, జేబులో అన్‌లిమిటెడ్ డేటా పెట్టుకుని, నేను ఎఫ్‌ఎం రేడియో శ్రోతనయ్యాను.

ఉండేది ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్. షికాగో నుంచి రెండు గంటల పైనే. ఇన్సూరెన్స్ ఉద్యోగాల పుణ్యమా అని ఈ చిన్న ఊళ్లో మనవాళ్లు బాగానే ఉన్నారు. ఉగాది పచ్చడికి వేపపువ్వు కావాలంటే ఎవరో ఒకరి ఫ్రిజ్‌లో దొరుకుతుంది. ఊరు దాటితే మాత్రం కనుచూపు మేర మొక్కజొన్న, సోయాబీన్. నా క్లయింట్ ఆఫీసు పియోరియాలో. ఇంటర్‌స్టేట్ 74 మీద నలభై మైళ్లు, ముప్పావుగంట డ్రైవ్. పోనూ ముప్పావుగంట, రానూ ముప్పావుగంట.

ఆ దారిలో అన్నిటికన్నా క్లియర్‌గా తగిలే స్టేషన్ ఒకటుండేది. పొద్దున షో చేసే ఆయనకి అరవై దాటి ఉంటాయనిపించేది. ఎప్పుడూ జలుబు చేసినట్టుండే గొంతు. మాట్లాడేది తక్కువ. వరసగా మూడు పాటలు, తర్వాత అర నిమిషం ఆయన, మళ్లీ మూడు పాటలు. ఆ అర నిమిషంలోనే అన్నీ వచ్చేసేవి. ఏ స్కూలు రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తున్నారో, ఏ చర్చిలో శుక్రవారం చేపల వేపుడు భోజనమో, ఏ వీధిలో బ్రౌన్ కుక్క తప్పిపోయిందో. ఆ కుక్క దొరికిందా లేదా అని నేను రెండు రోజులు టెన్షన్ పడ్డాను. దొరికింది.

అమెరికా గురించి యూనివర్సిటీలో నేర్చుకోనివి ఆయన దగ్గర నేర్చుకున్నా. కోతల కాలంలో సాయంత్రాలు కంబైన్ హార్వెస్టర్లు రోడ్డెక్కుతాయి, ఓవర్‌టేక్ చెయ్యడానికి తొందరపడొద్దని చెప్పింది ఆయనే. పొలాల్లో చక్రాల మీద నిలబెట్టిన తెల్ల ట్యాంకుల్లో ఉండేది నీళ్లు కావు, అమ్మోనియా ఎరువు అని చెప్పిందీ ఆయనే. నేను సినిమా పాటలు తప్ప ఏమీ వినని మనిషిని. పాట అయ్యాక "ఇందులో గిటార్ ఎవరు వాయించారో తెలుసా?" అని ఆయన అడిగితే, తెలీదు సార్ అని కార్లో ఒక్కడినే తెలుగులో జవాబు చెప్పేవాణ్ణి. నవ్వకండి. కొత్త దేశంలో ఒంటరిగా ఉన్నవాడు ఎవరితోనైనా మాట్లాడతాడు.

ఇంకో విషయం నాకు అప్పట్లో పెద్దగా పట్టలేదు. ఆయనకి ఫోన్లు వచ్చేవి. పాట కోసం కాదు. పాలట్యాంకర్ డ్రైవర్ ఒకాయన, స్కూల్ బస్సు నడిపే ఒకావిడ, ఇంకెవరెవరో. "మెకినా నది దగ్గర పొగమంచు, ముందు బండి కనపట్లేదు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేవాళ్లు. ఆయన థాంక్స్ చెప్పి పాట వేసేవాడు. అంతే.

2022లో, ఆకులు రాలే రోజుల్లో, ఒక సోమవారం పొద్దున కారు స్టార్ట్ చేస్తే నలుగురు నవ్వుతున్నారు. స్టేషన్ మారిపోయిందేమో అని నంబరు చూసుకున్నాను. అదే నంబరు. ముందు రోజు దాకా ఉన్న మనిషికి ఒక వీడ్కోలు లేదు, "ఇక సెలవు" లేదు. మంగళవారం కూడా ఆ నలుగురే. బుధవారం వాళ్లలో ఒకమ్మాయి "గుడ్ మార్నింగ్, బ్లూమింగ్టన్!" అంది.

నిజం చెప్పాలంటే, ఆ షో బాగుంటుంది. వాళ్లు ఆరితేరినవాళ్లు. మొదటి డేట్ తర్వాత మాయమైన అబ్బాయికి ఫోన్ చేసి "ఎందుకు మళ్లీ కలవలేదు?" అని అడిగే సెగ్మెంట్ ఒకటుంది. నేను ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపుకుని మరీ దాని ముగింపు విన్న రోజులున్నాయి. ఇలాంటి కాల్స్ కోసం రేడియోలకి నటుల్ని సరఫరా చేసే సర్వీసు ఒకటుందని 2011లోనే ఇక్కడి పత్రికల్లో వచ్చిందని తర్వాత చదివాను. ఇన్నాళ్లు నేను జాలిపడ్డ అమ్మాయిల్లో ఎంతమంది స్క్రిప్టు చూసి ఏడ్చారో ఏమో. పాటలు మాత్రం గంటకి మూడో నాలుగో.

ఒక వారం తర్వాత నాలోని ఇంజినీరు నిద్రలేచాడు. "గుడ్ మార్నింగ్" అన్న గొంతుకీ, "బ్లూమింగ్టన్" అన్న గొంతుకీ మధ్య ఏదో తేడా. మనిషి అదే, గది వేరు. మొదటి మాట వెనక స్టూడియోలో మిగతావాళ్ల నవ్వు ఉంది, రెండో మాట వెనక నిశ్శబ్దం. వెతికితే సంగతి అర్థమైంది. షో తయారయ్యేది వేరే రాష్ట్రంలో. అది ఒకేసారి డజన్ల ఊళ్లలో వస్తుంది. ఒక్కో స్టేషన్ కోసం ఆ ఊరి పేరుతో కొన్ని వాక్యాలు విడిగా రికార్డు చేసి పంపిస్తారు. షో మధ్యలో వచ్చే సిగ్నల్‌ని బట్టి కంప్యూటర్ వాటిని సరైన చోట అతికిస్తుంది.

కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. బ్యాంకు నుంచి వచ్చే మెయిల్లో "డియర్" తర్వాత మన పేరు ఎలా వచ్చి కూర్చుంటుందో, అలాగే. గుడ్ మార్నింగ్, కామా, మీ ఊరి పేరు ఇక్కడ.

ఇది ఇక్కడ కొత్త కాదు. న్యూయార్క్ నుంచి ఎల్విస్ డురాన్, నాష్‌విల్ నుంచి బాబీ బోన్స్ ఇలాగే దేశమంతా వినపడతారు. డాలస్ నుంచి షో చేసిన కిడ్ క్రాడిక్ అనే ఆయన 2013లో చనిపోయినా, షో ఆయన పేరుతోనే కొనసాగింది. లెక్క కూడా సింపుల్. చాలా షోలకి స్టేషన్ డబ్బు కట్టక్కర్లేదు. షో ఉచితంగా ఇస్తారు, బదులుగా గంటలో కొన్ని నిమిషాల ప్రకటనల టైమ్ షో కంపెనీ తీసుకుంటుంది. మిగతాది స్టేషన్ అమ్ముకుంటుంది. ఒక జీతం మిగిలింది, ప్రకటనల డబ్బు కొంత వస్తూనే ఉంది. చిన్న ఊరి స్టేషన్ ఓనర్ సీట్లో కూర్చుంటే నేనూ అదే చేస్తానేమో.

పాటలు తగ్గించడానికి కారణం పాటల ఖర్చు అనుకున్నాను. కాదు. ఇక్కడి ఎఫ్‌ఎం రేడియో పాట రాసినవాళ్లకి, ట్యూన్ కట్టినవాళ్లకి డబ్బులిస్తుంది గానీ, పాడినవాళ్లకి పైసా ఇవ్వక్కర్లేదు. అసలు సంగతేంటంటే పాట ఫోన్లో ఎక్కడైనా దొరుకుతుంది. మనిషి దొరకడు. మనిషి కోసమే రేడియో పెడతారని కంపెనీలకి తెలుసు. అందుకే పాట తీసి మనిషిని పెట్టారు. ఆ తర్కంలో తప్పు లేదు. కాకపోతే వాళ్లు పెట్టిన మనిషి మా ఊళ్లో లేడు.

నాన్నతో ఫోన్లో చెప్పాను. మాది ఉమ్మడి అనంతపురం జిల్లా, కదిరి వైపు. వేరుశనగ వేసే ఇల్లు. మా ఇంట్లో రేడియో అంటే ఆకాశవాణి, అందులోనూ రైతుల కార్యక్రమం. పాటలొచ్చేటప్పుడు నాన్న లేచి పనికి పోయేవాడు, ఏ మందు ఎప్పుడు కొట్టాలో చెప్పేటప్పుడు మాత్రం అమ్మని కూడా మాట్లాడనిచ్చేవాడు కాదు. అంతా విని అడిగాడు: "అయితే ఆడ వాన పడతాంటే ఈ నలుగురికి తెలుస్తాదా?"

"ఎట్ల తెలుస్తాది నాన్నా, వాళ్లుండేది వేరే రాష్ట్రంలో."

"మరి దేనికిరా అది?"

మన హైదరాబాద్ ఎఫ్‌ఎంలు కూడా పొద్దున లొడలొడా వాగేవే అని మీరనొచ్చు. బీటెక్ నాలుగేళ్లు కాలేజీ బస్సులో విన్నవాణ్ణి, నాకు తెలుసు. పైగా మన దగ్గర ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు తయారు చేసి చదవడానికి వీల్లేదు. కానీ ట్రాఫిక్ చెప్పొచ్చు, వాన చెప్పొచ్చు. అమీర్‌పేటలో నీళ్లు నిలిచాయని అరిచే ఆర్జే కూడా ఆ నీళ్లలోనే ఆఫీసుకి వచ్చి ఉంటాడు. ఎంత విసిగించినా ఆ నమ్మకం ఒకటుండేది.

2023 జనవరి. రాత్రి సన్నగా వాన పడి, తెల్లారేసరికి చలి బిగిసింది. ఫోన్లో అలర్ట్ వచ్చింది, రాలేదని అనను. "వింటర్ వెదర్ అడ్వైజరీ" అని, కౌంటీ మొత్తానికీ కలిపి ఒకటి. అలాంటివి ఆ నెలలో వారానికి రెండు వస్తున్నాయి. వాట్సాప్ గుడ్ మార్నింగ్ మెసేజ్‌ని తోసేసినట్టు పక్కకి తోసేసి బయల్దేరాను. రోడ్డు తడిగా, నల్లగా, మామూలుగానే ఉంది. రేడియోలో ఒకాయన తన పెరట్లో స్విమ్మింగ్ పూల్ క్లీన్ చేయించడానికి ఎంతయిందో చెప్తున్నాడు. వాళ్ల ఊళ్లో ఎండ.

మెకినా నది లోయలోకి రోడ్డు దిగుతుంది. అక్కడ వంతెన. ఇక్కడి రోడ్లమీద బోర్డులు కూడా పెడతారు, వంతెన రోడ్డుకన్నా ముందు గడ్డకడుతుందని. కిందనుంచి కూడా గాలి తగులుతుంది కదా. ఆ బోర్డు నేను కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. చూసిన దాన్ని చదవడం మానేసి చాలా రోజులైంది. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. వెన్న మీద చెయ్యి పెట్టినట్టు. బ్రేక్ తొక్కాను, తొక్కకూడదు. కారు మెల్లగా, చాలా మెల్లగా పక్కకి తిరిగింది. వంతెన రెయిలింగ్‌కి వెనక భాగం తగిలి, అవతలి చివర గడ్డిలోకి దిగి ఆగింది. వెనకాల లారీ ఉండి ఉంటే ఈ వ్యాసం లేదు. లేదు కాబట్టి రాస్తున్నాను.

చేతులు వణకడం ఆగేదాకా ఇంజిన్ ఆపలేకపోయాను. రేడియో నడుస్తూనే ఉంది. ఎవరో గట్టిగా నవ్వారు. సరిగ్గా అప్పుడే "హ్యావ్ ఎ గ్రేట్ డే, బ్లూమింగ్టన్!" అని వచ్చింది. ఇది నేను కల్పించి రాస్తున్నానని మీకనిపిస్తే నేనేం చెయ్యలేను.

నలభై నిమిషాల తర్వాత టో ట్రక్ వచ్చింది. డ్రైవర్ పెద్దాయన, గడ్డం నిండా మంచు. ఆ పొద్దున అదే వంతెన మీద నేను మూడోవాణ్ణట. గొలుసు తగిలిస్తూ నా కారు రేడియో వైపు చూసి, "నువ్వు కూడా ఈ స్టేషన్ వినేవాడివా?" అన్నాడు. అవునన్నాను. పాత ఆయన్ని గుర్తు చేశాను. ఆయన గొలుసు వదిలి నిలబడ్డాడు.

"ఇరవై ఏళ్లు నేను వాడికి ఫోన్ చేశాను. మొదటి బండి జారగానే చేసేవాణ్ణి. వాడు చెప్పేవాడు. రెండో బండి వచ్చేది కాదు."

తన బిజినెస్ తానే పాడు చేసుకునేవాణ్ణని నవ్వాడు. ఇప్పుడు ఫోన్ చెయ్యరా అని అడిగాను. చేశానన్నాడు. ఆ నలుగురు మారాక మొదటి మంచుకే చేశాడట. స్టేషన్ నంబరు అదే, కానీ ఎవరూ ఎత్తలేదు. మెషీన్ మాట్లాడింది, అడ్వర్టైజ్‌మెంట్ కోసమైతే ఒకటి నొక్కమంది.

ఆ రాత్రి వెన్నునొప్పితో పడుకుని చదవడం మొదలుపెట్టాను. 1996 దాకా అమెరికాలో ఒక కంపెనీకి దేశం మొత్తం మీద నలభై రేడియో స్టేషన్లకి మించి ఉండకూడదు. ఆ ఏడాది వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది. కొన్నేళ్లకే క్లియర్ ఛానెల్ అనే ఒక్క కంపెనీ చేతిలో దాదాపు పన్నెండు వందల స్టేషన్లు. అదే తర్వాత ఐహార్ట్‌మీడియా అయ్యింది, అప్పుల భారంతో 2018లో దివాలా రక్షణ కోరింది. ప్రతి స్టేషన్‌కీ తన ఊళ్లోనో దగ్గర్లోనో స్టూడియో ఉండాలన్న నిబంధన దాదాపు ఎనభై ఏళ్లుంది. దాన్ని 2017లో తీసేశారు.

వీటన్నిటి మధ్య ఒక ఊరి పేరు మళ్లీ మళ్లీ తగిలింది. నార్త్ డకోటాలో మైనాట్. మన బ్లూమింగ్టన్‌కన్నా చిన్నది. 2002 జనవరి 18, అర్ధరాత్రి దాటి ఒకటిన్నర తర్వాత, ఊరి అంచున గూడ్స్ రైలు పట్టాలు తప్పింది. ట్యాంకర్ల నుంచి అమ్మోనియా మేఘంలా లేచింది. మా ఊరి పొలాల్లో తెల్ల ట్యాంకుల్లో ఉండేదే. బయటికి రావద్దు, కిటికీలు మూసుకోండి అని జనానికి చెప్పాలి. కరెంటు పోయిన ఇళ్లలో బ్యాటరీ రేడియో పెట్టుకున్నవాళ్లున్నారు. ఊళ్లో ఆరు కమర్షియల్ స్టేషన్లు, ఆరూ క్లియర్ ఛానెల్‌వే. పోలీసులు ఫోన్ చేస్తే ఎవరూ దొరకలేదు. స్టేషన్లో ఒక మనిషి ఉన్నాడనీ, హెచ్చరికని నేరుగా రేడియోలోకి పంపే పరికరాన్ని పోలీసులే సరిగ్గా వాడలేదనీ కంపెనీ వాదించింది. ఎవరిది ఎంత తప్పు అన్నది ఏళ్ల తరబడి తేలని గొడవ. ఆ రాత్రి ఒకాయన చనిపోయాడు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు.

మైనాట్ అంత పెద్ద ఘోరానికీ నా కరోలా సొట్టకీ పోలిక పెట్టడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. కానీ మోగుతూనే ఉన్న ఆ ఫోను రెండు చోట్లా ఒకటే. పాత ఆయన వార్తలేమీ వెతికి తెచ్చేవాడు కాదు. ఫోన్ ఎత్తేవాడు. పాలట్యాంకర్ ఆయనకి తెలిసిన ముక్క స్కూల్ బస్సు ఆవిడకి చేరడానికి మధ్యలో అదొక్కటే దారి. కంపెనీ లెక్కల్లో అది ఎక్కడా ఉండదు. పాటల ఖర్చు ఉంటుంది, జీతం ఉంటుంది, ప్రకటనలుంటాయి. ఫోన్ ఎత్తడం అనే పనికి వరస లేదు.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే నాకు సుఖంగా ఉండేది. కానీ పియోరియాలో నేను చేస్తున్న పనేంటో చెప్పాలి కదా.

ఆ క్లయింట్‌కి పదకొండు బ్రాంచిలు. ఒక్కో బ్రాంచికి ఒక ఫోన్ నంబరు, దాన్ని ఎత్తడానికి ఒక మనిషి. మా ప్రాజెక్టు ఆ పదకొండు నంబర్లనీ ఒకే చోటికి మళ్లించడం. ముందు బాట్ మాట్లాడుతుంది, అవసరమైతే ఎక్కడో కాల్ సెంటర్‌కి వెళ్తుంది. కాల్ చేసినవాళ్ల జిప్ కోడ్ చూసి "థాంక్యూ ఫర్ కాలింగ్" తర్వాత వాళ్ల ఊరి పేరు వచ్చే లైను నేనే రాశాను. డెమోలో దానికి చప్పట్లు కొట్టారు. లోకల్ ఫీల్ వచ్చిందన్నారు.

ఒక ట్రైనింగ్ కాల్లో చిన్న బ్రాంచి నుంచి ఒకావిడ అడిగింది. "మా దగ్గర సగంమంది 'పాత మిల్లు అవతల' అని అడ్రస్ చెప్తారు. మార్చిలో ఆ దారి మునుగుతుంది. మీ సిస్టంకి అది తెలుస్తుందా?" నేను జిప్ కోడ్ ప్రకారం వెళ్తుందని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అప్పట్లో, సందేహం తీరిందనుకున్నాను.

వంతెన మీద జారిన తర్వాతి వారం, మేనేజర్‌ని అడిగి స్క్రీన్ మీద ఒక చిన్న డబ్బా పెట్టించాను. "లోకల్ నోట్స్" అని. ఎవరికి ఏ సంగతి తెలిసినా అందులో రాస్తే, కాల్ ఎత్తినవాళ్లకి కనపడుతుంది. స్కోప్‌లో లేదని కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. మూడు నెలలయ్యాక డేటాబేస్ తెరిచి చూశాను. పదకొండు బ్రాంచిలకీ కలిపి ఆ కాలమ్ ఖాళీ. రాయాల్సినవాళ్లకి అప్పటికే ఆఖరి జీతం వచ్చేసింది.

కరోలా అమ్మేశాను. కొత్త కారులో ఫోన్ దానంతటదే కనెక్ట్ అవుతుంది, అన్ని పాటలూ ఉన్నాయి. రేడియో పెట్టడం తగ్గిపోయింది. ఆ నలుగురి మీద కోపమేమీ లేదు, వాళ్ల పని వాళ్లు బాగా చేస్తున్నారు.

మా తెలుగువాళ్ల కార్‌పూల్ వాట్సాప్ గ్రూప్ ఒకటుంది. అందులో ఎక్కువగా "శనివారం షికాగో ఎవరైనా వెళ్తున్నారా, ఒక సూట్‌కేసు ఉంది" లాంటివే వస్తాయి. మొన్న డిసెంబరులో ఒక పొద్దున వంతెన దాటగానే ఎగ్జిట్ తీసుకుని, కారు పక్కకి ఆపి వాయిస్ మెసేజ్ పెట్టాను. "మెకినా బ్రిడ్జి మీద ఐస్ ఉంది. నల్లగా ఉంటుంది, కనపడదు. మెల్లగా రండి." నూట అరవై మంది ఉన్న గ్రూప్. పది నిమిషాల్లో ముప్పై బొటనవేళ్లు వచ్చాయి. ఒకమ్మాయి, నేనెప్పుడూ చూడలేదు, "థాంక్స్ అన్నా, ఇప్పుడే బయల్దేరబోతున్నా" అని పెట్టింది.

ఫోన్ లోపల పెడుతుంటే ఎదురుగా, వంతెన వైపు, పసుపు లైట్లు తిప్పుకుంటూ ఒక టో ట్రక్ వెళ్లింది. ఆ పెద్దాయనదో కాదో సరిగ్గా కనపడలేదు. అప్పటికే ఎవరో ఒకరు జారి ఉంటారు, మా గ్రూప్‌లో లేనివాళ్లు.